ఈ పాట కోరినవారు...

కేంద్రం కొత్తగా 730 ఎఫ్‌ఎం చానెళ్లకు తలుపు తీసింది. పాత పాటకు మాత్రం గాలిలో చోటు ఏటేటా ఇరుకైపోతోంది. పాట పాతబడిందా, వినేవాళ్లనే లెక్కలోంచి కొట్టేశారా?

చీరాలలో ఒక నేతపేట. 1970ల మొదట్లో మండు వేసవి మధ్యాహ్నం. తాటాకు పాకలో గుంట మగ్గం ముందు కూర్చున్న నేతగాడి కాళ్లు గుంటలో, కళ్లు పడుగు మీద. తాడు లాగినప్పుడల్లా నాడె ఆ కొస నుంచి ఈ కొసకు పరుగెడుతోంది. గోడ గూట్లో తోలు తొడుగు వేసిన ట్రాన్సిస్టర్ గరగరమంటోంది. రాట్నం దగ్గర కండెలు చుడుతున్న ఇల్లాలు తలెత్తకుండానే, "ముల్లు పక్కకు జరిగినట్టుంది, చూడు మావా" అంటుంది. అతను చెయ్యి చాపి చక్రాన్ని వెంట్రుకవాసి తిప్పుతాడు. గరగర సద్దుమణిగి సముద్రం అవతలి నుంచి ఒక తెలుగు గొంతు తేటగా పలుకుతుంది. అది శ్రీలంక నుంచి పలికే రేడియో సిలోన్. ఆ గొంతు మీనాక్షి పొన్నుదురైది.

ఘంటసాల పాట మొదలవుతుంది. షార్ట్‌వేవ్ కదా, పల్లవి చెవి పక్కనే పాడినట్టుంటే చరణం ఎక్కడో పొలిమేరల్లో వినిపిస్తుంది. పక్క పాకలో మగ్గం చప్పుడు ఆగిపోతుంది. ఆ ఇంట్లో రేడియో లేదు. పాట ఉన్న మూడు నిమిషాలూ ఆ ఇంటివాళ్ల పని ఆగుతుంది. అది నష్టమని వాళ్లెవరూ అనుకోరు. పాట ముగియగానే రెండు మగ్గాలూ మళ్లీ అందుకుంటాయి.

ఆ రోజుల్లో ఇలాంటి మధ్యాహ్నం తెనాలి దర్జీ కొట్టులోనూ ఉండేది, నిజామాబాదులో బీడీలు చుట్టే ఇళ్ల వసారాల్లోనూ ఉండేది. ఇప్పుడు దాని గురించి మళ్లీ మాట్లాడుకోవడానికి రెండు వార్తలు కారణం. 2024 ఫిబ్రవరి 20న అమీన్ సయానీ కన్నుమూశారు. ‘బినాకా గీత్‌మాలా’తో దేశాన్ని రేడియో ముందు కూర్చోబెట్టిన ఆయన పోయినప్పుడు ఫోన్లన్నీ పాత రేడియో బొమ్మలతో, పాత గొంతుల క్లిప్పింగులతో నిండిపోయాయి. అదే ఏడాది ఆగస్టులో, 234 కొత్త పట్టణాల్లో 730 ప్రైవేటు ఎఫ్‌ఎం చానెళ్ల వేలానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. మన రెండు రాష్ట్రాల పట్టణాలూ ఆ జాబితాలో ఉన్నాయి. రేడియో పోయిందని ఒకపక్క కన్నీళ్లు పెట్టుకుంటున్నాం, ఇంకోపక్క కొత్త స్టేషన్లకు వేలం పాటలు పెట్టుకుంటున్నాం. పాత పాట ఈ రెండింటి మధ్యా ఎక్కడ ఇరుక్కుంది?

వద్దన్న పాటే బంగారమైంది

పాత పాటల ప్రస్తావన వస్తే చాలామందికి ఆకాశవాణి గుర్తొస్తుంది. కానీ ఆ ఆకాశవాణే ఒకప్పుడు సినిమా పాటను గడప బయట నిలబెట్టింది. 1952లో సమాచార ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్ శాస్త్రీయ సంగీతాన్ని ప్రేమించిన మనిషి. సినిమా పాట చవకబారుదనీ, జనం అభిరుచిని చెడగొడుతుందనీ ఆయన నమ్మకం. సినిమా పాటల వేళల్ని తెగ్గోశారు. వేసిన కాసిని పాటలకూ సినిమా పేరు చెప్పకూడదన్నారు, అది ప్రకటన కిందకు వస్తుందట. నిర్మాతలకు ఒళ్లు మండి, తమ పాటల ప్రసారానికి ఇచ్చిన అనుమతుల్ని వెనక్కి తీసుకున్నారు.

శ్రోతలు ధర్నా చేయలేదు. ముల్లు తిప్పారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం కోసం సిలోన్‌లో నెలకొల్పిన శక్తిమంతమైన ట్రాన్స్‌మిటర్ యుద్ధానంతరం అక్కడి రేడియో చేతికొచ్చింది. 1950లో వాణిజ్య విభాగం మొదలైంది. 1952 డిసెంబరులో ఓ టూత్‌పేస్టు కంపెనీ డబ్బుతో బినాకా గీత్‌మాలా పుట్టింది. మొదటి వారమే తొమ్మిది వేల ఉత్తరాలు వచ్చాయని అమీన్ సయానీ చెబుతుండేవారు. బుధవారం రాత్రి ఎనిమిదైతే హిందీ రాని ఊళ్లలోనూ ఆ గొంతు మోగేది.

అవి మన పాటలకు ఎలాంటి ఏళ్లో చూడండి. 1953లో ‘దేవదాసు’, 1955లో ‘మిస్సమ్మ’, 1957 మార్చిలో ‘మాయాబజార్’ వచ్చాయి. ఇవాళ ఆణిముత్యాలని మనం నెత్తిన పెట్టుకునే పాటలు సరిగ్గా సినిమా పాట వెలిలో ఉన్న కాలంలోనే పుట్టాయి. జనం విదేశీ స్టేషన్‌కు అతుక్కుపోవడంతో ప్రభుత్వం దిగిరాక తప్పలేదు. ‘మాయాబజార్’ విడుదలైన ఆరు నెలలకు, 1957 అక్టోబరు 3న, పండిత్ నరేంద్ర శర్మ సారథ్యంలో వివిధ భారతి మొదలైంది. బొంబాయి, మద్రాసు షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ల నుంచి ఆ పాటలు దేశమంతా పాకాయి.

ఏ పాట నిలుస్తుందో ముందుగా తేల్చడం ఎవరి వల్లా కాదని ఈ కథ చెబుతుంది. అప్పట్లో పాటకు అడ్డుపడింది ఒక మంత్రి అభిరుచి. ఇప్పుడు అడ్డుపడుతున్నది ప్రకటనల లెక్క. రెంటికీ తేడా ఏమిటంటే, మంత్రి మారతాడు.

చేతులు పనిలో, చెవులు ఖాళీ

పాత పాటల రేడియోను పోషించినవాళ్లు ఎవరు? మధ్యాహ్నం తీరిగ్గా పడకకుర్చీలో వాలి వినేవాళ్లు కొద్దిమందే. ఎక్కువమంది కళ్లూ చేతులూ పనిలో ఉండి, చెవులు మాత్రం ఖాళీగా ఉన్నవాళ్లు. నేతగాళ్లు, దర్జీలు, కంసాలులు, బీడీ కార్మికులు, మంగలి షాపువాళ్లు, వంటింట్లో ఆడవాళ్లు, రాత్రి కాపలావాళ్లు. వీళ్లకు సినిమాకు వెళ్లడానికి తీరిక లేదు. రేడియోకైతే తీరిక అక్కర్లేదు, పని చేస్తూనే వినొచ్చు.

రేడియో తగ్గడానికి టీవీనీ ఫోన్‌నీ తిట్టుకుంటాం గానీ, ఈ పనులే తగ్గిపోయాయని మరిచిపోతాం. చేమగ్గం ఉన్న చోటికి మరమగ్గం వచ్చింది. ఆ షెడ్డులో పక్కమనిషి అరిచినా వినపడదు, ఇక రేడియో ఏం వినపడుతుంది? దర్జీ కొట్టు స్థానంలో రెడీమేడ్ షోరూము వచ్చింది, అందులో పాట ఎవరో ఎక్కడో కూర్చుని నడిపించే స్పీకర్లలోంచి వస్తుంది. పనిచేసే చెయ్యి ముల్లు తిప్పే అవకాశం పోయింది. పైగా ఈ శ్రోతలు చూపును రేడియోకు ఇవ్వరు. తెర ఉన్న ఏ వస్తువైనా అడిగేది చూపునే.

చూపు లేనివాళ్ల సంగతి ఇంకా భిన్నం. వార్తాపత్రిక, వినోదం, గడియారం మూడూ వాళ్లకు రేడియోనే. పొద్దున వాల్టర్ కౌఫ్‌మన్ కూర్చిన ఆ సంకేత సంగీతం మొదలుకుని రాత్రి ప్రసారాలు ముగిసేదాకా, ఏ కార్యక్రమం వస్తోందో బట్టి టైమెంతో చెప్పగలిగేవాళ్లు ఉండేవారు. చానెల్‌లో వేళ మారితే మనకు చిరాకు. వాళ్లకు దినచర్యే తలకిందులవుతుంది.

కార్డు ముక్క మీద ఊరి పేరు

రేడియో పాటకు ముందొక తంతు ఉండేది. అనౌన్సర్ సినిమా పేరు, సంగీత దర్శకుడి పేరు, రాసినవారి పేరు, పాడినవారి పేరు చెప్పి, ఆపైన కోరినవారి జాబితా అందుకునేవారు. మచిలీపట్నం నుంచి ఇద్దరు అన్నదమ్ములు, మహబూబ్‌నగర్ నుంచి ఒక హాస్టలు గది మొత్తం, రాయచోటి నుంచి ఒక శ్రోతల సంఘం. అన్ని పేర్లు చదివాక మిగిలిన సమయంలో పాట. ఒక్కోసారి చివరి చరణం కత్తిరించేవారు కూడా. అయినా ఎవరికీ కోపం రాలేదు, ఎందుకంటే సగంమంది ఎదురుచూసింది పాట కోసం కాదు, పేరు కోసం.

హిందీలో ఝుమ్రీ తిలయ్యా అనే ఊరు ఇలాగే దేశమంతా తెలిసిపోయింది. ఇప్పటి ఝార్ఖండ్‌లో ఉన్న ఆ అభ్రకం గనుల పట్టణం నుంచి కోరికల ఉత్తరాలు కుప్పలుగా వస్తుంటే, అసలు అలాంటి ఊరు నిజంగా ఉందా, రేడియోవాళ్లే కల్పించారా అని జనం అనుమానపడ్డారు. మన దగ్గర ప్రతి జిల్లాలో అలాంటి ఊళ్లుండేవి. సెలవుల్లో కుర్రాళ్లు తలా ఒక కార్డు రాసి, ఒకరి పేరు చదవగానే వీధిలో అరుచుకుంటూ వెళ్లేవాళ్లు.

తెలుగు వివిధ భారతికి ఈ కోరికలతో పాటు ఇంకో రుచి ఉండేది. ‘జనరంజని’లో సినిమా ప్రముఖులు వచ్చి తమకిష్టమైన పాటలు వేయిస్తూ, ఆ పాట వెనక కథలు చెప్పేవారు. ఆకాశవాణి వేసే ‘సంక్షిప్త శబ్దచిత్రం’ సినిమా మొత్తాన్ని కుదించి వినిపించేది. టిక్కెట్టు కొనలేనివాళ్లు ఎందరో సావిత్రిని, ఎస్.వి. రంగారావును ముందు చెవులతో చూశారు. పొద్దున్నే భక్తిరంజని, బాలాంత్రపు రజనీకాంతరావు తీర్చిదిద్దిన లలిత సంగీతం, ఉషశ్రీ గళంలో రామాయణ భారతాలు, వాటి మధ్యలో సినిమా పాట. పాట ఒంటరిగా రాలేదు, ఇలాంటి ఇరుగుపొరుగు మధ్య నుంచి వచ్చింది. అందుకే సినిమా పాట వినడానికి కూర్చున్నవాడు తెలియకుండానే త్యాగరాయ కృతీ విన్నాడు, వ్యవసాయదారుల కార్యక్రమమూ విన్నాడు.

---

బాక్స్: తెలుగు చెవి తిరిగిన మలుపులు

- 1938 జూన్ 16: మద్రాసు రేడియో కేంద్రం ప్రారంభం. తెలుగు కార్యక్రమాలకు మొదట అదే చిరునామా.
- 1948 డిసెంబరు 1: విజయవాడ కేంద్రం.
- 1950 ఏప్రిల్ 1: నిజాం కాలపు దక్కన్ రేడియో, ఆలిండియా రేడియో హైదరాబాదు కేంద్రమైంది.
- 1957 అక్టోబరు 3: వివిధ భారతి.
- 1963: కడప, విశాఖపట్నం కేంద్రాలు.
- 1967 నవంబరు 1: వివిధ భారతిలో ప్రకటనల ప్రసారం మొదలు.
- 2001 జులై 3: దేశంలో తొలి ప్రైవేటు ఎఫ్‌ఎం, బెంగళూరులో రేడియో సిటీ.
- 2020 జనవరి 31: బీబీసీ హిందీ షార్ట్‌వేవ్ ప్రసారాలకు ముగింపు.

---

స్టేషన్లు పెరిగాయి, పాటలు తగ్గాయి

ఎఫ్‌ఎం వచ్చినప్పుడు శబ్దం ఎంత శుభ్రంగా ఉందో విని అందరూ మురిసిపోయారు. గరగర లేదు, అల లేదు. ప్రైవేటు ఎఫ్‌ఎంకు తొలి విడతలో పెట్టిన లైసెన్సు ఫీజులు ఏటా పెరిగిపోతూ కంపెనీల నడుం విరిచాయి. 2005లో రెండో విడతకు ఆ విధానాన్ని మార్చి, ఆదాయంలో 4 శాతం చాలన్నారు. దాంతో స్టేషన్లు వరసకట్టాయి. హైదరాబాదు శ్రోతకు ఒకేసారి నాలుగైదు ప్రైవేటు చానెళ్లు దొరికాయి.

ఇన్ని స్టేషన్లు ఉంటే ఒకటి కొత్త పాటలకు, ఒకటి పాత పాటలకు, ఇంకోటి జానపదానికి అని పంచుకుంటాయని ఎవరైనా అనుకుంటారు. జరిగింది వేరు. అన్ని స్టేషన్లూ అవే పాతిక ముప్పై కొత్త హిట్లను తిప్పి తిప్పి వేశాయి. కారణం సులభం. స్టేషన్‌కు డబ్బిచ్చేది శ్రోత కాదు, ప్రకటనదారు. మొబైల్, బైకు, బట్టల షాపు, ఇంజినీరింగ్ కాలేజీ, వీళ్లందరికీ కావాల్సింది ఇంకా ఏ బ్రాండుకూ కట్టుబడని కుర్రకారు. అరవై దాటిన మనిషి రోజుకు నాలుగు గంటలు రేడియో విన్నా, అతని ఇష్టాయిష్టాలు ఎప్పుడో స్థిరపడిపోయాయని ప్రకటనదారు నమ్మకం. కాబట్టి ఎక్కువసేపు వినే శ్రోతే తక్కువ విలువైన శ్రోత అయ్యాడు.

హిందీలో కొన్ని ప్రయోగాలు జరిగాయి. అన్నూ కపూర్ గొంతుతో ‘సుహానా సఫర్’ చాలాకాలం మోగింది. 2016లో ఢిల్లీ, ముంబయిలలో రేడియో నషా పాత పాటలతో మొదలైంది. కానీ ఆ తరువాత కొవిడ్ రేడియో ఆదాయాన్నే దెబ్బకొట్టింది. పరిశ్రమ నివేదికల ప్రకారం 2019లో దాదాపు 3,100 కోట్ల రూపాయలున్న దేశ రేడియో ఆదాయం 2020లో సుమారు 1,400 కోట్లకు పడిపోయింది. తరువాత కోలుకున్నా 2024 నాటికి కూడా పాత స్థాయిని అందుకోలేదు. డబ్బు బిగుసుకున్నప్పుడు ముందు తెగేది ప్రయోగమే.

ఈలోగా ‘పాత పాట’ అనే గీత కూడా జరుగుతూ వస్తోంది. 2000లో వచ్చిన ‘నువ్వే కావాలి’, ఆ మరుసటి ఏడు వచ్చిన ‘మనసంతా నువ్వే’ పాటలు ఇవాళ చాలా చానెళ్లలో పాత పాటల ఖాతాలోకి చేరిపోయాయి. గీత ఈ వైపుకు జరిగిన కొద్దీ ఆ చివర ఉన్న పెండ్యాల, సాలూరి, జిక్కి, పి.లీల గట్టు మీది నుంచి జారిపోతున్నారు.

న్యూయార్క్‌లోనూ ఇదే రాగం

ఇది మన దగ్గరే జరిగిందనుకుంటే పొరపాటు. న్యూయార్క్‌లో డబ్ల్యూసీబీఎస్ ఎఫ్‌ఎం అనే స్టేషన్ 1972 నుంచి పాత పాటలకే అంకితమైంది. 2005 జూన్ 3న, ముందస్తు మాటామంతీ లేకుండా, ఆ స్టేషన్‌లో పాత పాటలు ఆగిపోయి అనౌన్సర్లు లేని ‘జాక్ ఎఫ్‌ఎం’ మొదలైంది. అదే రోజు షికాగోలోని మరో పాత పాటల స్టేషన్‌కూ అదే గతి పట్టింది. నగరం భగ్గుమంది. అప్పటి మేయర్ మైకేల్ బ్లూంబర్గ్ అంతటివాడు ఇక ఆ స్టేషన్ వినేది లేదని తిట్టిపోశాడు.

రెండేళ్లు తిరగకముందే రేటింగులు పడిపోయాయి. 2007 జులైలో యాజమాన్యం తలొగ్గి పాత పాటల్ని తిరిగి తెచ్చింది. శ్రోతలు గెలిచారు గానీ పూర్తిగా కాదు. తిరిగొచ్చిన జాబితాలో 1950ల పాటలు చాలావరకు లేవు. అమెరికా ప్రకటనదారులు ఎక్కువగా చూసేది 25 నుంచి 54 ఏళ్లవారిని. ఆ గీత దాటినవాళ్ల యవ్వనం స్టేషన్‌కు గిట్టుబాటు కాదు.

బ్రిటన్‌లో మాత్రం ఇద్దరు అనుభవజ్ఞులు ఈ లెక్కను తిరగేశారు. డేవిడ్ లాయిడ్, ఫిల్ రైలీ కలిసి 2021 ఫిబ్రవరి 14న, యుద్ధానంతరం పుట్టిన తరం కోసం ‘బూమ్ రేడియో’ మొదలుపెట్టారు. వ్యాఖ్యాతలు చాలామంది తమ ఇళ్ల నుంచే కార్యక్రమాలు చేశారు. పెద్దవాళ్ల చేతిలోనే ఇల్లూ పొదుపూ ఉన్నాయనీ, వాళ్లకూ అమ్మవలసినవి చాలా ఉన్నాయనీ వాళ్ల వాదన. స్టేషన్ నిలబడింది. అక్కడ పనికొచ్చిన వాదన మన దగ్గర ఎందుకు పనికిరాదో ఎవరూ గట్టిగా పరీక్షించి చూడలేదు. వైద్యం, బీమా, తీర్థయాత్రలు, మనవళ్ల చదువులు, ఇవన్నీ మన పెద్దవాళ్ల ఖర్చులేగా.

సొంతింట్లోనూ గొంతు తగ్గింది

ప్రకటనదారును మెప్పించనక్కర్లేని రేడియో ఒకటుంది. ప్రజల డబ్బుతో నడిచే ఆకాశవాణి. పాత పాటకు చివరి దిక్కు అదే. హైదరాబాదులో 102.8 మీద వివిధ భారతి పెట్టుకుని రోజంతా కుట్టు మిషన్ తొక్కే దర్జీలు ఇప్పటికీ ఉన్నారు.

అయితే ఆ ఇంట్లోనూ దీపాలు ఒక్కొక్కటే తగ్గుతున్నాయి. శాశ్వత అనౌన్సర్లు రిటైరవుతుంటే వాళ్ల కుర్చీల్లోకి కొత్తవాళ్లు రావడం లేదు. డ్యూటీకి ఇంత అని తీసుకునే క్యాజువల్ అనౌన్సర్లు బండి లాగుతున్నారు. ఖర్చు తగ్గించుకునేందుకు రాత్రంతా ప్రసారమయ్యే నేషనల్ చానెల్‌నూ, హైదరాబాదుతో కలిపి ఐదు నగరాల్లోని ప్రాంతీయ శిక్షణ కేంద్రాలనూ మూసేయాలని 2018 చివర్లో నిర్ణయించారు. 1988లో మొదలైన నేషనల్ చానెల్ రాత్రి డ్యూటీ నర్సుకు, గేటు దగ్గర కాపలావాడికి, నిద్రపట్టని పెద్దవాళ్లకు తోడు. అది ఆగిపోయిందని ఊళ్లో పెద్దగా చర్చ జరగలేదు. దాన్ని వినేవాళ్లకు చర్చలు పెట్టే అలవాటు లేదు మరి.

మరోవైపు ట్రాన్స్‌మిటర్లు పెరుగుతున్నాయి. 2023 ఏప్రిల్ 28న ఒకేరోజు 91 చిన్న ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్లను ప్రధాని ప్రారంభించారు. సంతోషమే. కానీ ఇలాంటి ట్రాన్స్‌మిటర్ మరో ఊరి ప్రసారాన్ని అందుకుని వెదజల్లుతుంది. గొంతు అందుతుంది గానీ, ఆ గొంతుకు మన ఊరి పేరు తెలియదు.

పాత సంపద సంగతి ఇంకా గుండె కోత. స్పూలు టేపులు ఖరీదైన కాలంలో ఒక కార్యక్రమం ప్రసారం కాగానే అదే టేపు మీద ఇంకోటి రికార్డు చేసుకునేవారు. సినిమా పాటలకు గ్రామఫోన్ రికార్డులైనా మిగిలాయి. లలిత గీతాలు, నాటకాలు, అనౌన్సర్ల గొంతులు ఎన్నో అలా చెరిగిపోయాయి. మిగిలినవాటిలో కొన్నింటిని ప్రసార భారతి డిజిటల్‌లోకి మార్చింది. ఇంకొన్ని, ఇంట్లో టేప్‌రికార్డర్ రేడియో పక్కన పెట్టి క్యాసెట్లు నింపుకున్న అభిమానుల చలవతో బతికాయి. వెనకాల కుక్కర్ కూత, వీధిలో కూరగాయల కేకలతో సహా.

---

బాక్స్: రాత్రయితే దూరపు స్టేషన్లు ఎందుకు పలికేవి?

మీడియం వేవ్ తరంగాలు పగలు నేలను అంటిపెట్టుకుని కొంతదూరమే వెళతాయి. పైకి వెళ్లినవాటిని వాతావరణపు పై పొరల్లో, ఎండకు ఏర్పడే ఒక పొర మింగేస్తుంది. చీకటి పడితే ఆ పొర కరిగిపోతుంది. అప్పుడు తరంగాలు ఇంకా పైనున్న పొరను తాకి వెనక్కి తుళ్లి వందల కిలోమీటర్ల అవతల దిగుతాయి. అందుకే పగలు విజయవాడ 837, హైదరాబాదు 738 కిలోహెర్ట్జ్‌లు మాత్రమే పలికే సెట్‌లో, రాత్రి తొమ్మిది దాటితే ముక్కూమొహం తెలియని భాషలు వినిపించేవి. షార్ట్‌వేవ్‌కు పగలూ రాత్రీ ఈ గెంతే ఆధారం. ఎఫ్‌ఎం తరంగం గెంతదు, దాదాపు కంటి చూపు పోయినంత దూరమే పోతుంది. శుభ్రమైన శబ్దానికి మనం చెల్లించిన మూల్యం ఆ దూరం.

---

అన్నీ ఫోన్‌లో ఉన్నాయిగా!

ఉన్నాయి. కావాలంటే ఈ క్షణంలో 1951 నాటి ‘మల్లీశ్వరి’ పాటలన్నీ వరసగా వినొచ్చు. ఇంత పాత సంగీతం ఇంత మందికి ఇంత సులువుగా ఏనాడూ అందలేదు. మరి రేడియో పోయిందని బెంగ ఎందుకు?

ఈ ప్రశ్నకు మార్కెట్టే ఒక జవాబిచ్చింది. 2017లో సరిగమ కంపెనీ, అంటే మన పాత హెచ్‌ఎంవీ వారసురాలు, ‘కారవాన్’ అనే పెట్టెను తెచ్చింది. చూడటానికి పాత ట్రాన్సిస్టర్. లోపల వేల పాటలు ముందే నింపి ఉంటాయి. మీట తిప్పితే పాట వస్తుంది, అంతే. చేతిలో ఫోన్ ఉన్నవాళ్లు కూడా అమ్మానాన్నలకు దాన్ని కొనిచ్చారు. తెలుగు పెట్టె కూడా వచ్చింది. పాటలు వెతుక్కోవడం కూడా ఒక పనే అనీ, పెద్దవాళ్లు ఆ పని వద్దనుకుంటున్నారనీ ఆ అమ్మకాలు చెప్పాయి.

ఫోన్‌లో వెతకాలంటే పేరు గుర్తుండాలి. ఎప్పుడో విని మరిచిపోయిన పాటను ఎవరూ వెతకలేరు. రేడియో ఆ మరిచిపోయిన పాటనే ఎదురు తెచ్చేది. యాప్ మీరు నిన్న విన్నదాన్ని చూసి ఇవాళ అలాంటిదే ఇస్తుంది. నలుగురు గాయకుల చుట్టూ తిప్పి అక్కడే వదిలేస్తుంది. రమేష్ నాయుడు తెలిసినవాడికి మాస్టర్ వేణుని పరిచయం చేయడానికి ఒక మనిషి కావాలి, ఆ మనిషికి ఇద్దరూ తెలిసుండాలి. అనౌన్సర్ ఉద్యోగం అదే. పాటకు ముందు నాలుగు పేర్లు చెప్పడం ద్వారా రెండు తరాల తెలుగువాళ్లకు సంగీత దర్శకులూ గేయ రచయితలూ ఎవరో నేర్పింది రేడియోనే. ఇవాళ పాట తెలిసి, రాసినవారెవరో తెలియని తరం పెరుగుతోంది. ఫోన్ తెర మీద హీరో బొమ్మ ఉంటుంది గానీ, గేయకర్త పేరు చాలాసార్లు ఉండదు.

వస్తువు కూడా చేతికి అందకుండా పోతోంది. ఒకప్పుడు చవక ఫోన్లలో సైతం ఎఫ్‌ఎం ఉండేది. ఇప్పుడు చాలా స్మార్ట్‌ఫోన్లలో అది మాయమైంది. ఎఫ్‌ఎం సౌకర్యాన్ని తీసేయవద్దనీ, తుపాన్లు వరదలప్పుడు అదే ఆధారమనీ 2023లో కేంద్రం ఫోన్ తయారీదారులకు సూచించాల్సి వచ్చింది. తుపానంటే ఏమిటో కోస్తా జిల్లాలవారికి ఒకరు చెప్పనక్కర్లేదు. కరెంటు, ఇంటర్నెట్ రెండూ పోయిన రాత్రి రెండు సెల్లులతో పలికేది రేడియో ఒక్కటే.

---

బాక్స్: ఇప్పుడు వినాలంటే

- ఎఫ్‌ఎం సెట్‌లో: హైదరాబాదులో వివిధ భారతి 102.8, రెయిన్‌బో 101.9.
- ఫోన్‌లో: ప్రసార భారతి ‘న్యూస్ ఆన్ ఎయిర్’ యాప్‌లో ఆకాశవాణి తెలుగు కేంద్రాల ప్రత్యక్ష ప్రసారాలు. 2024 నవంబరులో వచ్చిన ‘వేవ్స్’లోనూ ఆకాశవాణి ఉంది. అమెరికాలో ఉన్నవాళ్లూ ఇలాగే వింటున్నారు.
- టీవీలో: డీడీ ఫ్రీ డిష్ పెట్టె ఉంటే రేడియో చానెళ్ల విభాగంలో ఆకాశవాణి దొరుకుతుంది.

---

తీపిలో కాస్త చేదు కూడా

జ్ఞాపకానికి ఒక దుర్గుణం ఉంది, అది అందరినీ ఒకే ఇంట్లో కూర్చోబెడుతుంది. నిజానికి రేడియో అందరి ఇళ్లలోనూ లేదు. కొనడానికి డబ్బు, పోస్టాఫీసులో ఏటా కట్టే లైసెన్సు రుసుము, సెల్లుల ఖర్చు, ఇవన్నీ భరించగలవాళ్లవే ఆ పెట్టెలు. లైసెన్సు పోయింది 1980ల మధ్యలోనే. మిగిలినవాళ్లకు పంచాయతీ ఆఫీసు మీది మైకు గొట్టమే దిక్కు. ఊరి పెద్ద ఇంటి అరుగు మీద రేడియో పెడితే, ఆ అరుగెక్కడానికి వీల్లేని వాడ జనం దూరంగా నిలబడి విన్నారు. పెట్టె ఎవరి గదిలో ఉందో చక్రం వాళ్ల చేతిలోనే ఉండేది. వార్తల వేళకు పాట ఆగిపోతే వంటింట్లోంచి అభ్యంతరం చెప్పిన ఆడవాళ్లు ఎందరు? ఆడపిల్ల పేరు రేడియోలో వినిపిస్తే ఇంట్లో అక్షింతలు పడిన రోజులవి. అందుకే తమ్ముడి పేరుతోనో స్నేహితురాళ్ల గుంపు పేరుతోనో కార్డు రాసేవాళ్లు.

కాబట్టి ఆ కాలం స్వర్గమేమీ కాదు, దాన్ని ఉన్నది ఉన్నట్టు తెచ్చుకోనక్కర్లేదు కూడా. తెచ్చుకోదగ్గది ఒక్కటుంది. అరుగు మీదివాళ్లకూ, అరుగు కిందివాళ్లకూ, వంటింట్లో ఉన్నవాళ్లకూ ఒకే పాట ఒకే నిమిషంలో చేరింది. మనుషుల్ని విడదీసిన ఊళ్లో గాలి మాత్రం విడిపోలేదు. ఇవాళ ఒకే ఇంట్లో నలుగురి చెవుల్లో నాలుగు పాటలు.

గీత దాటినవాళ్ల కోసం

చేయాల్సిన పనులు కోట్లు అడిగేవి కావు. ప్రతి ఆకాశవాణి కేంద్రం రోజుకు రెండు గంటలైనా సొంత గొంతుతో పాత పాటల కార్యక్రమం నడపాలి. దానికి పాట తెలిసిన అనౌన్సర్లను నియమించాలి. రిటైరైన అనౌన్సర్ల జ్ఞాపకాల్ని వాళ్లుండగానే రికార్డు చేయాలి. ఇళ్లలో మగ్గిపోతున్న క్యాసెట్లను అభిమానుల నుంచి సేకరించి, ఎవరు కాపాడారో పేరు చెప్పి ప్రసారం చేయాలి. 730 కొత్త చానెళ్లను వేలం వేసేటప్పుడు, నాలుగు స్టేషన్లున్న ఊళ్లో నాలుగూ ఒకే జాబితా తిప్పకుండా ఒక్క స్టేషనైనా భిన్నంగా ఉండేలా రాయితీ ఇవ్వడం ప్రభుత్వం చేతిలో పనే.

ఇది ముసలివాళ్ల సరదా అని కొట్టిపారేసేవాళ్లు ఒక లెక్క చూసుకోవాలి. ‘నువ్వే కావాలి’ని కాలేజీలో ఉండగా చూసినవాళ్లు ఇప్పుడు నలభై ఐదు అటూ ఇటూ ఉన్నారు. ఇంకో పదేళ్లలో వాళ్లూ ప్రకటనదారు గీసిన గీత దాటిపోతారు. అప్పుడు వాళ్ల పాటా గాలిలోంచి జారిపోతుంది. ఆ వరసలో అందరం ఉన్నాం, ముందూ వెనకా అంతే.

కేస్కర్ కాలంలో శ్రోతలు గెలవడానికి ఒక కారణం ఉంది. అలిగి వెళ్లిపోవడానికి వాళ్లకు ఇంకో స్టేషన్ ఉంది. వాళ్లు వెళ్లిపోతున్నారని గమనించిన ప్రభుత్వం ఐదేళ్లలో దారికొచ్చింది. ఇవాళ పాత పాటల శ్రోతకు ముల్లు తిప్పడానికి చోటు లేదు. సెట్ కట్టేసి ఊరుకుంటున్నాడు, ఆ నిశ్శబ్దాన్ని ఎవరి సర్వేలూ లెక్కపెట్టవు. అందుకే ఈసారి నోరు తెరిచి అడగాల్సిందే. మీకు దగ్గరి ఆకాశవాణి కేంద్రానికి, ఫలానా వేళకు ఫలానా కార్యక్రమం కావాలని నాలుగు ముక్కలు రాయండి. పోస్టుకార్డు ధర ఇప్పటికీ యాభై పైసలే.